కంప్యూటర్ ఆట పోటీ క్రీడగా ఎలా ఎదిగింది? చరిత్ర తెలిసినవారు చెప్పగలరు

గడియార స్తంభం, అనంతపురం

సభ్యులందరికీ నమస్కారం. నేను అనంతపురంలో ఒక డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధిస్తున్నాను. ఈ ఏడాది వార్షిక క్రీడోత్సవాలలో కబడ్డీ, వాలీబాల్, చదరంగంతో పాటు ఈ-స్పోర్ట్స్‌కు, అంటే కంప్యూటర్, ఫోను ఆటల పోటీలకు కూడా చోటు ఇవ్వాలని విద్యార్థులు అర్జీ పెట్టుకున్నారు. క్రీడల కమిటీ సమావేశంలో ఒకరు దానిని కాలక్షేపం అన్నారు, మరొకరు జూదం అన్నారు. కమిటీలో సభ్యుడినైన నా దగ్గర ఆ రెండు మాటల్లో దేనికీ జవాబు లేకపోయింది. తెలియని విషయం మీద తీర్పు చెప్పడం చరిత్ర చదువుకున్నవాడికి తగదు కాబట్టి రెండు వారాల గడువు అడిగి వచ్చాను.

ఇప్పటివరకు నేను తెలుసుకున్నది ఇంత. 1962లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో స్టీవ్ రస్సెల్, ఆయన మిత్రులు కలిసి పీడీపీ-1 అనే కంప్యూటరు మీద 'స్పేస్‌వార్' అనే ఆటను తయారు చేశారు. తెర మధ్యలో ఉన్న నక్షత్రం తన ఆకర్షణ శక్తితో లాగుతూ ఉండగా, రెండు అంతరిక్ష నౌకలు ఒకదానినొకటి కూల్చడానికి ప్రయత్నించడమే ఆ ఆట. పదేళ్ల తరువాత, 1972 అక్టోబరు 19న, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు కృత్రిమ మేధ ప్రయోగశాలలో ఇదే ఆట మీద ఒక పోటీ పెట్టారు. ఐదుగురు ఒకేసారి తలపడిన విభాగంలో బ్రూస్ బామ్‌గార్ట్ గెలిచాడు. బహుమతి 'రోలింగ్ స్టోన్' పత్రికకు ఒక ఏడాది చందా. లిఖితపూర్వకంగా మనకు దొరికే తొలి వీడియో ఆటల పోటీ ఇదేనని పలువురు రాశారు.

నాకు అర్థం కాని విషయం ఏమిటంటే, అమెరికా ప్రయోగశాలలో పుట్టిన ఈ పోటీ ఒక వ్యవస్థీకృత క్రీడగా మొదట వేళ్లూనుకున్నది దక్షిణ కొరియాలో. పుట్టినచోట కాక అక్కడ ఎందుకు పెరిగింది? ఆ కారణం తెలిస్తే మా కళాశాల వంటి చోట ఇది నిలుస్తుందా లేదా అన్నది కూడా తేలుతుందని నా ఆశ.

కేసీ కాలువ, కడప

గడియార స్తంభం గారూ, నేను 2003 నుంచి పదేళ్లకు పైగా కడపలో ఏడురోడ్ల కూడలికి దగ్గరలో ఒక నెట్ సెంటరు నడిపాను. కొరియా సంగతి తెలిసినవారు చెబుతారు. అంతకు ముందు జరిగిన ఒక ముఖ్యమైన మార్పును నేను చెబుతాను.

మొదట్లో పోటీ మనిషికి మనిషికి మధ్య ఉండేది కాదు, మనిషికి యంత్రానికి మధ్య ఉండేది. 1978లో జపాన్ నుంచి 'స్పేస్ ఇన్వేడర్స్' వచ్చినప్పుడు తెర పైభాగాన అప్పటివరకు ఎవరైనా సాధించిన అత్యధిక స్కోరు కనిపించేది. ఆ ఒక్క అంకె ఊరిలో ఎవరికి వారుగా వచ్చి నాణెం వేసి ఆడి వెళ్లేవారిని ఒకరికొకరు ప్రత్యర్థులుగా మార్చింది. 1980లో అటారీ సంస్థ ఆ ఆట మీదనే అమెరికా అంతటా పోటీలు నిర్వహిస్తే పదివేల మందికి పైగా పాల్గొన్నారు. జాతీయ విజేతగా నిలిచిన రెబెకా హైన్‌మన్ తరువాతి కాలంలో పేరున్న ఆటల రూపకర్త అయ్యారు. 1981లో అయోవా రాష్ట్రంలో ఒటమ్వా అనే చిన్న పట్టణంలో వాల్టర్ డే అనే ఆయన 'ట్విన్ గెలాక్సీస్' పేరుతో ఒక ఆటల గది తెరిచి, మరుసటి ఏడాది నుంచి దేశం నలుమూలల స్కోర్లను ధ్రువీకరించి నమోదు చేయడం మొదలుపెట్టాడు. మహానగరంలో కాక మన ప్రొద్దుటూరు కన్నా చిన్నదైన ఊరిలో, ఒక దుకాణదారు శ్రద్ధ వల్ల రికార్డుల వ్యవస్థ మొదలైందన్న సంగతి నాకు ఎంతో ఇష్టం. రాసిపెట్టేవాడు లేకపోతే ఏ ఆటకూ చరిత్ర ఉండదు కదా.

అయితే స్కోరు పోటీలో ఎదుటివాడు ఏమి చేస్తున్నాడో మనకు అక్కర లేదు. కంప్యూటర్లను తీగలతో కలిపిన తరువాతే ఎదుటివాడి మనసును చదవడం ఆటలోకి వచ్చింది. నా సెంటరులో ఎనిమిది యంత్రాలు ఉండేవి. ఇంటర్ ఫలితాలు, ఎంసెట్ ర్యాంకులు చూపించి ప్రింటు తీసి ఇవ్వడం కోసం తెరిచిన సెంటరు అది. 2004 ప్రాంతంలో ఇంజనీరింగ్ కుర్రవాళ్లు వచ్చి రెండు జట్లు తుపాకులతో తలపడే 'కౌంటర్ స్ట్రైక్' అనే ఆట పెట్టమని అడిగారు. దానికి ఇంటర్నెట్ అవసరం లేదు. ఎనిమిది యంత్రాలనూ స్విచ్ అనే నెట్‌వర్క్ పెట్టెకు తీగలతో కలిపితే చాలు. ఒక యంత్రం సర్వరుగా పనిచేస్తుంది, మిగతావి దానికి కబురు పంపుతూ ఉంటాయి.

మొదటి వారంలోనే గొడవ వచ్చింది. సర్వరు నడిచే యంత్రం మీద కూర్చున్నవాడికి ఆలస్యం అన్నది ఉండదు. మిగతావారికి తీగ గుండా కబురు వెళ్లి రావాలి కాబట్టి అతి స్వల్పమైన తేడా ఉంటుంది. కుర్రవాళ్లు ఆ తేడాను పసిగట్టి ఆ కుర్చీ కోసం పోట్లాడేవారు. అప్పుడు నేను ఒక పాత యంత్రాన్ని ఎవరికీ అద్దెకు ఇవ్వకుండా సర్వరు కోసమే కేటాయించాను. గంటకు ఇరవై రూపాయల అద్దె పోయింది కానీ, ఆ రోజు నుంచి ఓడినవాడు కుర్చీని తిట్టడం మానేశాడు. అప్పటి మౌసులలో బంతి ఉండేది, దుమ్ము పట్టి మొరాయించేది. పోటీకి ముందు ప్రతి ఒక్కరూ మౌసు తిప్పి, బంతి తీసి, లోపలి ఇరుసులను గోటితో శుభ్రం చేసుకునేవారు. అది చూసినప్పుడు నాకు కుస్తీ పోటీకి ముందు మట్టి సరిచేసుకునే పహిల్వాన్లు గుర్తుకు వచ్చేవారు.

హంద్రీ తీరం, కర్నూలు (ప్రస్తుతం బెంగళూరు)

కేసీ కాలువ గారు చెప్పిన సెంటరే కొరియా కథకు కూడా మూలం. అక్కడ దానిని 'పీసీ బాంగ్' అంటారు. బాంగ్ అంటే గది.

1997 చివరలో ఆసియా ఆర్థిక సంక్షోభం దక్షిణ కొరియాను తీవ్రంగా దెబ్బతీసింది. ఉద్యోగాలు పోయినవారిలో కొందరు తమకు అందిన డబ్బుతో పీసీ బాంగ్‌లు తెరిచారు. పని లేని యువకులకు తక్కువ ఖర్చుతో గంటలకొద్దీ గడపగలిగే చోటు అదే అయింది. అదే కాలంలో ప్రభుత్వం వేగవంతమైన ఇంటర్నెట్ తీగలను దేశమంతటా వేయించింది. ఎత్తైన అపార్టుమెంట్లలో జనం దగ్గర దగ్గరగా నివసించే దేశం కాబట్టి ఆ పని త్వరగా జరిగింది. సరిగ్గా ఆ సమయానికే, 1998లో, అమెరికా సంస్థ బ్లిజార్డ్ సైన్యాలను నడిపే వ్యూహపు ఆట 'స్టార్‌క్రాఫ్ట్' విడుదల చేసింది. గది, తీగ, ఆట అనే మూడూ ఒకే ఏడాది చుట్టూ కలవడం ఎవరూ వేసిన పథకం కాదు.

నా దృష్టిలో ఇంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. అది టెలివిజన్. 2000లో ఆన్‌గేమ్‌నెట్ అనే ఛానల్ ఆటలకే అంకితమై ప్రసారాలు ప్రారంభించింది. అదే ఏడాది ప్రభుత్వ ఆమోదంతో కొరియా ఈ-స్పోర్ట్స్ సంఘం ఏర్పడింది. అది ఆటగాళ్లకు గుర్తింపు ఇచ్చి, నియమాలను ఖాయం చేసింది. పెద్ద పెద్ద వ్యాపార సంస్థలు జట్లను పోషించి ఆటగాళ్లకు జీతాలు ఇచ్చాయి. చూసి చెప్పే వ్యాఖ్యాతలు తయారయ్యారు. స్టార్‌క్రాఫ్ట్ ఆడడం చాలా కష్టం, కానీ వ్యాఖ్యాత వివరిస్తే చూడడం తేలిక. మనలో బంతి వేయడం రానివారు కూడా క్రికెట్ వ్యాఖ్యానం వింటూ పెరిగినట్టే అక్కడ ఇళ్లలోని పెద్దలకు కూడా ఆటగాళ్ల పేర్లు తెలిశాయి. 2004లో బూసాన్ నగరంలోని గ్వాంగల్లీ సముద్రతీరంలో జరిగిన ప్రోలీగ్ అనే స్టార్‌క్రాఫ్ట్ జట్ల పోటీ ఫైనల్‌కు లక్ష మంది దాకా వచ్చారని అప్పటి లెక్క.

అమెరికాలో ప్రయత్నాలు జరగలేదని కాదు. 1997లో 'క్వేక్' ఆట మీద జరిగిన రెడ్ అనిహిలేషన్ పోటీలో గెలిచిన డెన్నిస్ ఫాంగ్‌కు, ఆ ఆట సృష్టికర్తలలో ఒకరైన జాన్ కార్మాక్ తన సొంత ఎర్ర ఫెరారీ కారును బహూకరించాడు. ఆ కారు గురించి ప్రపంచమంతా మాట్లాడుకున్నా, ఏటా అదే వేళకు అదే ఛానల్‌లో చూసే ప్రేక్షకుడు అక్కడ అప్పటికి తయారు కాలేదు. కాబట్టి మీ ప్రశ్నకు నా సమాధానం ఇది: బహుమతి ఎంత పెద్దదైనా పోటీ ఒక రోజు ముచ్చటగా మిగిలిపోవచ్చు, ప్రేక్షకుడు నిలకడగా ఉన్నచోటే అది క్రీడ అవుతుంది.

కొరియా చరిత్రలో మచ్చ కూడా ఉంది. 2010లో కొందరు ఆటగాళ్లు పందెం రాయుళ్లతో కుమ్మక్కై కావాలని ఓడిపోయినట్టు బయటపడింది. దేశం ఆరాధించిన ఛాంపియన్ 'మా జే-యూన్' అందులో దోషిగా తేలి, జీవితకాల నిషేధానికి గురయ్యాడు. మీ కమిటీలో జూదం అన్న పెద్దమనిషి భయం పూర్తిగా నిరాధారమైనది కాదు.

పెన్నా ఇసుక, తాడిపత్రి

నేను ఈ చర్చను రెండు రోజులుగా చదువుతున్నాను. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. కిందటి ఏడాది ఫోనులో ఒక పేకాట యాప్‌లో మా వారి ఖాతా నుంచి ముప్పై ఎనిమిది వేల రూపాయలు పోగొట్టాడు. ఇప్పుడు 'నేను ఈ-స్పోర్ట్స్ ఆడుతున్నాను' అంటున్నాడు. ఫోను చేతిలో పట్టుకున్న భంగిమ అదే, రాత్రి మేల్కొనడం అదే. ఈ రెండింటికీ తేడా ఏమిటో చదువుకున్న మీరు నాకు అర్థమయ్యేలా చెప్పాలి. కోపంతో అడగడం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

బురుజు నీడ, కర్నూలు

అమ్మా, నేను కర్నూలులో న్యాయవాదిని. మీ ప్రశ్నే ఈ చర్చకు నడుమ స్తంభం వంటిది.

మన రాష్ట్రంలో ఈ వివాదం చాలా పాతది. 1967లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి, కె. సత్యనారాయణ అనే వ్యక్తికి మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని చెప్పింది. ఆ తరువాత దశాబ్దాల పాటు నైపుణ్యం ఎక్కువా, అదృష్టం ఎక్కువా అన్నదే కొలబద్ద అయింది. ఆన్‌లైన్ పేకాట సంస్థలు ఆ తీర్పునే గొడుగుగా పట్టుకుని వ్యాపారం చేశాయి. 2020లో మన రాష్ట్ర ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వంటి వాటిని నిషేధించింది.

2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కొలబద్దనే మార్చివేసింది. నైపుణ్యమా, అదృష్టమా అని అది అడగదు. గెలుపు ఆశతో ఆటగాడు డబ్బు ఒడ్డుతున్నాడా అని మాత్రమే అడుగుతుంది. ఒడ్డితే అది నిషిద్ధం. అటువంటి ఆటను నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా నిర్వచించి ప్రోత్సహించాలని చెబుతోంది. పోటీలో చేరడానికి, నిర్వహణ ఖర్చులకు రుసుము తీసుకోవచ్చు. గెలిచినవారికి ప్రతిభను బట్టి బహుమతి ఇవ్వవచ్చు. కానీ ఆ పోటీ మీద ఎవరూ పందెం కాయకూడదు. ఈ-స్పోర్ట్‌గా గుర్తింపు, నమోదు కూడా ఉండాలని చట్టం కోరుతుంది.

మీ అబ్బాయి విషయంలో మీరు చూడవలసినది భంగిమను కాదమ్మా. ఆటలో ఓడిన ప్రతిసారీ ఖాతా నుంచి డబ్బు తగ్గుతోందా లేదా అని చూడండి. తగ్గుతుంటే వాడు పెట్టుకున్న పేరు ఏదైనా అది పందెమే. తగ్గకపోతే మిగిలేది నిద్ర, చదువు, కళ్ల సమస్య. అది తక్కువ సమస్య అని నేను అనను కానీ, దానికి మందు వేరు.

పెన్నా ఇసుక, తాడిపత్రి

ధన్యవాదాలు సార్. ఖాతా నేనే చూస్తున్నాను, కొత్తగా ఏమీ పోలేదు. నిద్ర సంగతి వాడితో కూర్చుని మాట్లాడుతాను.

నాలుగో ఆటగాడు, ప్రొద్దుటూరు

పెద్దలందరికీ నమస్కారం. నేను ఇరవై మూడేళ్లవాడిని, మూడేళ్లు బీజీఎంఐ (పబ్జీ ఫోను ఆటకు భారత రూపం) పోటీలు ఆడాను. మన ప్రాంతపు కుర్రవాళ్ల చరిత్ర నెట్ సెంటరుతో కాక ఫోనుతో మొదలైంది కాబట్టి ఆ భాగం నేను రాస్తాను.

2016 సెప్టెంబరులో జియో వచ్చిన తరువాత డేటా ధర ఒక్కసారిగా పడిపోయింది. 2018 మార్చిలో పబ్జీ మొబైల్ వచ్చింది. ఇరవై వేల రూపాయల కంప్యూటరు కొనలేని ఇళ్లలో పదివేల రూపాయల ఫోను ఉంది. అంతకన్నా తక్కువ ధర ఫోన్లలో కూడా అదే తరహా ఆట ఫ్రీ ఫైర్ నడిచేది, అందుకే పల్లెల్లో అది ఎక్కువ పాకింది. పోటీ ఆటకు యంత్రం, గది, ఇంటర్నెట్ అనే మూడు ఖర్చులు ఒకే వస్తువులో ఇమిడిపోవడం మా తరానికి జరిగిన మేలు.

దీనిని అదృష్టపు ఆట అనుకునేవారికి పోటీ పద్ధతి చెబుతాను. నలుగురేసి ఆటగాళ్లున్న పదహారు జట్లు ఒకే పటంలో దిగి, చివరిదాకా మిగలడానికి పోరాడతాయి. బయట ఉంటే దెబ్బతినే సురక్షిత వలయం ఆట సాగేకొద్దీ ఎటు కుదించుకుపోతుందో ముందుగా తెలియదు, కాబట్టి ఒక్క ఆటలో అదృష్టం పాత్ర ఉంటుంది. అందుకే విజేతను ఒక్క ఆటతో తేల్చరు. రోజుకు కొన్ని ఆటల చొప్పున పలు రోజులు ఆడించి, చేరుకున్న స్థానానికి కొన్ని పాయింట్లు, పడగొట్టిన ప్రతి ప్రత్యర్థికి ఒక పాయింటు కలిపి మొత్తం చూస్తారు. మాలో ఐజీఎల్ (ఇన్-గేమ్ లీడర్) అని పిలిచే నాయకుడు వలయం మొదటి రెండు మార్పులను చూసి, మిగతా జట్లు ఎక్కడ దిగుతాయో గుర్తుపెట్టుకుని, ఏ దారిన వెళ్లాలో నిర్ణయిస్తాడు. నేను నాలుగోవాడిని, అంటే వెనుక నుంచి కాపు కాసేవాడిని. రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు దాకా వేరే జట్లతో సాధన పోటీలు ఆడేవాళ్లం.

ఇప్పుడు నా బాధ చెబుతాను. 2020 సెప్టెంబరు 2న మరో 117 యాప్‌లతో పాటు పబ్జీ మొబైల్‌ను నిషేధించారు. 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో తిరిగి వచ్చింది. 2022 జూన్, జులై నెలల్లో బీజీఎంఐ మాస్టర్స్ సిరీస్ స్టార్ స్పోర్ట్స్‌లో ప్రసారమైంది. ఫోను ఆట పోటీని టీవీలో క్రీడల ఛానల్‌లో చూస్తూ మా నాన్న మొదటిసారి నన్ను నియమాలు అడిగారు. అదే జులై 28న ఆట యాప్ దుకాణాల నుంచి మాయమైంది. మళ్లీ 2023 మే నెలలో, పద్దెనిమిదేళ్లలోపు వారికి రోజుకు మూడు గంటలు, పెద్దలకు ఆరు గంటలు అనే పరిమితులతో వచ్చింది. దేశ భద్రత మీద ప్రభుత్వానికి ఉన్న కారణాలను నేను ప్రశ్నించడం లేదు. కానీ ఆ పది నెలల్లో మా జట్టు చెదిరిపోయింది. ఇద్దరు హైదరాబాదుకు పనికి వెళ్లారు, ఒకడు నంద్యాలలో బ్యాంకు పరీక్షల శిక్షణలో చేరాడు. ఖోఖో ఆడేవాడికి, రేపు ఉదయం లేచేసరికి ఖోఖో లేకుండా పోతుందన్న భయం ఉండదు. మాకు ఉంటుంది.

హంద్రీ తీరం, కర్నూలు (ప్రస్తుతం బెంగళూరు)

నాలుగో ఆటగాడు చివర రాసిన రెండు వాక్యాలు నన్ను చాలాసేపు ఆలోచింపజేశాయి. ఈ రంగానికి పునాదిలోనే ఉన్న చిక్కు అది. కబడ్డీకి యజమాని లేడు, చదరంగానికి యజమాని లేడు. కంప్యూటర్ ఆటకు యజమాని ఉంటాడు.

కొరియాలో కూడా ఈ తగవు వచ్చింది. పదేళ్లు స్టార్‌క్రాఫ్ట్ పోటీలు నడిపిన సంఘం, ఛానళ్లు ఒకవైపు, ప్రసార హక్కులు తమవేనన్న బ్లిజార్డ్ సంస్థ మరొకవైపు నిలిచి 2010లో న్యాయస్థానాల దాకా వెళ్లాయి. 2011లో రాజీ కుదిరింది. ఆట విడుదలైన నాడు సంస్థ ఊహించని క్రీడను కొరియా ప్రజలు నిర్మించారు. అయినా తాళం చెవి సంస్థ దగ్గరే ఉంది.

విచిత్రం ఏమిటంటే, అతి పెద్ద పోటీ ఆటలలో కొన్నింటిని సంస్థలు కనిపెట్టలేదు, ఆటగాళ్లే కనిపెట్టారు. కౌంటర్ స్ట్రైక్‌ను 1999లో మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రవాళ్లు 'హాఫ్ లైఫ్' ఆటను మార్చి తయారు చేశారు. మరుసటి ఏడాది వాల్వ్ సంస్థ దానిని తీసుకుంది. జట్ల మధ్య సాగే వ్యూహపు ఆట డోటా కూడా 'వార్‌క్రాఫ్ట్ 3' ఆటలో అభిమానులు గీసిన ఒక పటమే. తరువాత వాల్వ్ దాని మీద డోటా 2 నిర్మించి, 2011లో జర్మనీలోని కొలోన్‌లో మొదటి 'ఇంటర్నేషనల్' పోటీ పెట్టి, విజేతకు పది లక్షల డాలర్లు ఇచ్చింది. 2013 నుంచి ప్రేక్షకులు ఆటలో కొనే వస్తువుల సొమ్ములో నాలుగో వంతును బహుమతికి కలపడంతో 2021 నాటికి మొత్తం నాలుగు కోట్ల డాలర్లు దాటింది. ఆ అమ్మకాల పద్ధతిని సంస్థ మార్చుకోగానే 2023లో అది ముప్పై లక్షల డాలర్ల స్థాయికి పడిపోయింది. ఆడేవారి నైపుణ్యం ఆ రెండేళ్లలో ఏమీ తగ్గలేదు. కాబట్టి బహుమతి సొమ్మును చూపి ఈ క్రీడ ఎదుగుదలను కొలిచే వ్యాసాలను నేను పెద్దగా పట్టించుకోను.

తుంగభద్ర అల, కర్నూలు

నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం విద్యార్థినిని. ఇంతవరకు వచ్చిన జ్ఞాపకాలలో అమ్మాయిలు లేరు, గమనించారా? కేసీ కాలువ గారి సెంటరు వంటి చోట్లకు మా అక్క తరం హాల్ టికెట్ ప్రింటు కోసం తమ్ముణ్ణి తోడు తీసుకుని వెళ్లి, పది నిమిషాలలో వచ్చేసేది. చెక్క గదులు, మూసిన తలుపులు ఉన్నచోట అమ్మాయి కూర్చుని రెండు గంటలు ఆడడం అసాధ్యం. సాధన చేసే చోటే లేనప్పుడు 'అమ్మాయిలు బాగా ఆడరు' అనడం న్యాయం కాదు.

2018 ఫిబ్రవరిలో, శీతాకాల ఒలింపిక్స్‌కు ముందు ప్యాంగ్‌చాంగ్‌లో జరిగిన స్టార్‌క్రాఫ్ట్ 2 పోటీలో కెనడాకు చెందిన సాషా హోస్టిన్, కొరియా ఆటగాళ్లను వారి గడ్డ మీదే ఓడించి విజేత అయింది. 2019లో చైనాకు చెందిన లీ షియావోమెంగ్ తెర మీద కార్డులతో ఆడే 'హార్త్‌స్టోన్' ఆటలో ప్రపంచ స్థాయి టైటిల్ గెలిచింది. ఇవి మహిళల విభాగాలు కావు, అందరూ కలిసి ఆడిన పోటీలు. శరీర బలం అవసరం లేని క్రీడలో విభాగాలు వేరు చేయవలసిన అవసరం మీ కళాశాలలో కూడా రాకపోవచ్చు, గడియార స్తంభం గారూ. కానీ ఒక మనవి. పోటీలో మాటలాడుకునే సౌకర్యం ఉంటే దానిని గమనించడానికి ఒక అధ్యాపకురాలిని కూర్చోబెట్టండి. నా గొంతు వినగానే ఎదుటి జట్టు నుంచి వచ్చే మాటల వల్ల నేను ఏడాది పాటు మైకు ఆపి, సైగల గుర్తులతోనే ఆడాను. జట్టుకు సమాచారం ఇవ్వలేక ఓడిపోయిన ఆటలు చాలా ఉన్నాయి.

కేసీ కాలువ, కడప

అమ్మా, నువ్వు చెప్పింది నిజం. పదేళ్లలో నా సెంటరులో ఒక్క అమ్మాయి కూడా ఆ ఆట ఆడలేదు. తలుపులు తీసివేసి, తెరలు దారి వైపు తిప్పి ఉంటే వచ్చేవారేమో. ఆ రోజుల్లో నాకు ఆ ఆలోచన రాలేదు. ఇప్పుడు బాధపడుతున్నాను.

బురుజు నీడ, కర్నూలు

నైపుణ్యం గురించి కమిటీకి చెప్పడానికి ఒక ఉదాహరణ ఇస్తాను, ఎందుకంటే నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఈ దృశ్యాన్ని వందసార్లు చూశాను. 2004లో అమెరికాలో జరిగిన ఈవో అనే ఫైటింగ్ ఆటల పోటీలో 'స్ట్రీట్ ఫైటర్ 3: థర్డ్ స్ట్రైక్' ఆటలో జపాన్‌కు చెందిన డైగో ఉమెహారా, అమెరికాకు చెందిన జస్టిన్ వాంగ్ తలపడ్డారు. డైగో పాత్రకు ప్రాణం వెంట్రుకవాసిలో ఉంది. మామూలుగా అడ్డుకున్నా ఆ కాస్త నష్టానికే ఓడిపోతాడు. జస్టిన్ పదిహేను దెబ్బల దాడి విసిరాడు. ఆ ఆటలో నష్టం లేకుండా దెబ్బను తిప్పికొట్టాలంటే దెబ్బ తగిలే క్షణంలోనే జాయ్‌స్టిక్‌ను ముందుకు నెట్టాలి. తెర సెకనుకు అరవైసార్లు మారుతుంది, అంటే ఒక్కో బొమ్మ సుమారు పదిహేడు మిల్లీసెకన్లు మాత్రమే ఉంటుంది. నెట్టడానికి దొరికే వ్యవధి అటువంటి కొన్ని బొమ్మలే. డైగో పదిహేను దెబ్బలనూ వరుసగా తిప్పికొట్టి, వెంటనే ఎదురుదాడి చేసి ఆ ఆట గెలిచాడు. ఆ టోర్నమెంటును మాత్రం అతడు గెలవలేదు. అయినా ఇరవై ఏళ్ల తరువాత కూడా జనం చెప్పుకునేది ఆ క్షణాన్నే.

వయసు గురించి కూడా ఒక మాట. 2018 జకార్తా ఆసియా క్రీడలలో ఈ-స్పోర్ట్స్ ప్రదర్శన క్రీడగా ఉన్నప్పుడు మన దేశానికి చెందిన తీర్థ్ మెహతా హార్త్‌స్టోన్‌లో కాంస్యం సాధించాడు. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో తొలిసారి పూర్తి స్థాయి పతకాలు ఇచ్చారు. అక్కడ స్ట్రీట్ ఫైటర్ స్వర్ణం గెలిచిన కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్-వూ వయసు 44. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులోనే ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల మంత్రిత్వ శాఖ పరిధిలోకి తెచ్చింది. 2025లో రియాద్‌లో జరిగిన ఈ-స్పోర్ట్స్ ప్రపంచ కప్‌లో చదరంగాన్ని కూడా చేర్చితే, మన వరంగల్ కుర్రవాడు అర్జున్ ఇరిగేశి నాలుగో స్థానంలో నిలిచాడు. చదరంగాన్ని క్రీడగా ఒప్పుకున్న కమిటీ, అదే చదరంగాన్ని తెర మీద ఆడితే ఏమంటుందో మీరు అడగవచ్చు.

గడియార స్తంభం, అనంతపురం

అందరికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలన్నీ ముద్రించి పెట్టుకున్నాను. కాలక్షేపం అన్న సహోద్యోగికి కొరియా చరిత్రను, జూదం అన్న సహోద్యోగికి చట్టంలోని తేడాను వివరిస్తాను. 2010 నాటి కుమ్మక్కు సంగతిని కూడా దాచకుండా చెబుతాను.

మిగిలిన చిక్కు ఆట ఎంపిక. తుపాకుల ఆట అంటే మా కమిటీ ఒప్పుకోదు. ఒక సంస్థ ఇష్టాయిష్టాల మీద ఆధారపడే ఆటను కళాశాల ఏటా నిర్వహించే పోటీగా పెట్టడం నాకు కూడా ఇష్టం లేదు. యజమాని లేని కంప్యూటర్ ఆట అంటూ ఏదైనా ఉందా?

హంద్రీ తీరం, కర్నూలు (ప్రస్తుతం బెంగళూరు)

ఉంది సార్. 'సూపర్ టక్స్ కార్ట్' అనే కార్ల రేసు ఆట ఉంది. దాని మూల సంకేతం (సోర్స్ కోడ్) ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు, ఉచితంగా పంచుకోవచ్చు. దానిని ఎవరూ రాత్రికి రాత్రి వెనక్కి తీసుకోలేరు. హింస లేదు, మీ ప్రయోగశాలలోని పాత యంత్రాల మీద కూడా నడుస్తుంది, 2019 నుంచి ఇంటర్నెట్ లేకుండా ఒకే స్విచ్ మీద పలువురు కలిసి ఆడే వీలుంది. ప్రేక్షకుల కోసం ఒక తెరను ప్రొజెక్టరుకు కలపండి, తెలుగులో వ్యాఖ్యానం చెప్పే ఇద్దరు విద్యార్థులను ముందే ఎంచుకోండి. ఆటగాళ్ల ఎంపిక కన్నా వారి ఎంపిక మీద ఎక్కువ శ్రద్ధ పెట్టమని నా సలహా.

నాలుగో ఆటగాడు, ప్రొద్దుటూరు

సార్, ఒక్క రేసుతో విజేతను తేల్చకండి. కనీసం ఆరు దారుల్లో (ట్రాకుల్లో) రేసులు పెట్టి, స్థానాన్ని బట్టి పాయింట్లు కలపండి. పాయింట్ల పట్టిక నేను తయారు చేసి పంపుతాను. కావాలంటే ఆ రోజు వచ్చి లెక్క కూడా నేనే రాస్తాను.

కేసీ కాలువ, కడప

నా సెంటరు మూసినప్పుడు అమ్మకుండా ఉంచుకున్న పదహారు తీగల స్విచ్ ఇంటి అటక మీద ఉంది. నిన్న దించి, దుమ్ము దులిపి, కరెంటు పెట్టి చూశాను. పదమూడు దీపాలు వెలుగుతున్నాయి, మూడు వెలగలేదు. ఆదివారం తెల్లవారుజాము బస్సుకు అనంతపురం తీసుకువస్తాను. పన్నెండు యంత్రాలు ఆటగాళ్లకు సరిపోతాయి, పదమూడోది సర్వరు. దాని మీద ఎవరినీ కూర్చోనివ్వకండి. మీ ప్రయోగశాలలో యూపీఎస్ ఎన్ని నిమిషాలు నిలుస్తుందో ఒకసారి చూసి చెప్పండి, రేసు మధ్యలో కరెంటు పోతే ఏమి చేయాలో నియమాలలో ముందే రాసుకోవాలి.

గడియార స్తంభం, అనంతపురం

ఇరవై నిమిషాలు నిలుస్తుందని ప్రయోగశాల సహాయకుడు చెప్పాడు. ఆదివారం బస్టాండు దగ్గరకు నేనే వస్తాను.